కాల్ సైన్ ఎప్పుడు, ఎలా, ఎన్నిసార్లు చెప్పాలి: కొత్త హ్యామ్‌లకు ఒక మార్గదర్శి

హ్యామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రం నేను చేసిన మొదటి తప్పు, పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే బటన్) నొక్కుతూనే మాట్లాడేయడం. రిపీటర్ (మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) తెరుచుకోవడానికి అర సెకనైనా పడుతుందని తెలియదు. నా కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) మొదటి అక్షరం ‘వీ’కి చెప్పే ‘విక్టర్’లో సగం గాల్లో కలిసిపోయింది. రెండో తప్పు కంగారులో చేసింది: నా కాల్ సైన్ ముందు చెప్పి, నేను పిలవాలనుకున్న పెద్దాయన కాల్ సైన్ తర్వాత చెప్పాను. ఆయన నవ్వి, ‘బాబూ, మిమ్మల్ని నేనే పిలుస్తున్నట్టుందే, ఇంతకీ మీరెవరు?’ అన్నారు.

ఆ రోజు ఆయన చెప్పిన ఒక్క మాట పట్టుకుంటే ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కాల్ సైన్ మన కోసం కాదు, మనతో మాట్లాడుతున్నవారి కోసం కూడా కాదు. మాటల మధ్యలో డయల్ తిప్పుకుంటూ వచ్చి ఆగిన మూడో మనిషి కోసం. ఆయనకు మొహం కనబడదు, గొంతు పరిచయం లేదు, ముందు ఏం జరిగిందో తెలియదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆయనకు తెలియాలి. లైసెన్సింగ్ శాఖవారు వింటున్నా వాళ్లూ ఆ మూడో మనిషే.

ఇక్కడ ఉదాహరణలకు వాడే వీయూ2క్యూకేఎం, వీయూ3క్యూడీఎల్ రెండూ కల్పితం. క్యూతో మొదలయ్యే మూడక్షరాలు క్యూ కోడ్‌తో (క్యూఆర్ఎల్ లాంటి మూడక్షరాల రేడియో సంకేతాలతో) కలిసిపోతాయి, మామూలుగా ఎవరికీ ఇవ్వరు గనుక కావాలనే అవి ఎంచుకున్నాను.

మొదటి మెట్టు: మీ కాల్ సైన్‌ను విడదీసి చదవండి

ముందుండే అక్షరాలు దేశాన్ని చెబుతాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ భారతదేశానికి మూడు వరసలు కేటాయించింది: ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజెడ్ వరకు, వీటీఏ నుంచి వీడబ్ల్యూజెడ్ వరకు, 8టీఏ నుంచి 8వైజెడ్ వరకు. మన హ్యామ్‌లకు మామూలుగా వచ్చేది వీయూ. దాని తర్వాతి అంకె 2 అయితే జనరల్ గ్రేడు, 3 అయితే రిస్ట్రిక్టెడ్ గ్రేడు. వీయూ4 అంటే అండమాన్ నికోబార్, వీయూ7 అంటే లక్షద్వీప్. ప్రత్యేక సందర్భాలకు ఏటీ, ఏయూలతో మొదలయ్యేవి ఇస్తుంటారు. అంకె తర్వాత వచ్చే రెండు మూడు అక్షరాలే మీ సొంతం. రాజీవ్ గాంధీది వీయూ2ఆర్‌జీ.

దీన్నంతా ఎందుకు చదవాలంటే, వీయూ4 వినగానే ప్రపంచంలోని డీఎక్స్ (దూరదేశపు స్టేషన్ల) వేటగాళ్లు పనులు వదిలేసి రిగ్గు (రేడియో సెట్టు) దగ్గరికి పరిగెత్తుతారు. ఒక్క అంకె తప్పు పలికితే అనవసరమైన గుంపు మీ మీద పడుతుంది.

లైసెన్సు లేకుండా పీటీటీ నొక్కకూడదు, వేరొకరి కాల్ సైన్ వాడకూడదు. కల్పించుకున్న కాల్ సైన్‌తో ‘ఊరికే టెస్ట్ చేశాను’ అన్నా నేరం నేరమే. వినడం నేర్చుకోవాలంటే రిసీవర్ పెట్టుకుని ఎన్ని గంటలైనా వినండి. నిజానికి ఆ పని చేసినవాళ్లే తర్వాత మంచి ఆపరేటర్లవుతారు.

రెండో మెట్టు: ఫోనెటిక్స్ నోటికి రావాలి, మన యాసతో జాగ్రత్త

ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి బదులు చెప్పే పదాలే ఫోనెటిక్స్: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్, ఇండియా, జూలియెట్, కిలో, లీమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, క్యుబెక్, రోమియో, సియెరా, టాంగో, యూనిఫాం, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జులు. ఈ ఇరవై ఆరూ ఒక కాగితం మీద రాసి రిగ్గు పక్కన అంటించుకోండి. సిటీ బస్సులో వెళ్తూ ముందున్న బండి నంబరు ప్లేటును ఫోనెటిక్స్‌లో చదవడం మంచి సాధన. నాకు వారం పట్టింది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా మూడు ఇబ్బందులున్నాయి. ఎల్, ఎం, ఎన్, ఎస్‌లను మనలో చాలామంది యల్, యం, యన్, యస్ అంటాం. మన మధ్య పరవాలేదు గానీ, సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు జపాన్‌లోనో ఇటలీలోనో కూర్చున్నవారికి ఆ ‘య’ ఒక్కటే మిగిలి, ‘యాంకీ’ అని రాసుకుంటారు. లీమా, మైక్, నవంబర్, సియెరా అంటే ఆ గొడవ ఉండదు. రెండోది ‘డబుల్’. ఫోన్ నంబర్లు చెప్పే అలవాటులో ‘డబుల్ ఎస్’, ‘ట్రిపుల్ నైన్’ అనేస్తాం. బయటి దేశాలవారిలో చాలామందికి ఆ పద్ధతి తెలియదు, పైగా ‘డబుల్’ వినగానే డబ్ల్యూ అనుకునే ప్రమాదం ఉంది. సియెరా సియెరా అని రెండుసార్లు పలకండి. మూడోది వేగం. మన మాట జోరు తెలుగులో అందమే కానీ, కాల్ సైన్ దగ్గర మాత్రం అక్షరానికీ అక్షరానికీ మధ్య చిన్న ఖాళీ వదలాలి.

అవతలివారు రెండుసార్లు అడిగినా అందుకోలేకపోతే అదే మాట మూడోసారి అరవకండి. పదం మార్చండి. క్యుబెక్ అందకపోతే క్వీన్ అనండి, లీమా అందకపోతే లండన్ అనండి. ఇవి పుస్తకంలో లేవు, కానీ డీఎక్స్‌లో అందరూ వాడతారు. లోకల్ రిపీటర్‌లో సినిమా హీరోల పేర్లతో ఫోనెటిక్స్ చెప్పి నవ్వించేవాళ్లూ ఉంటారు. సరదాకు సరే, కొత్తవాళ్లు వింటున్నప్పుడు వద్దు.

మూడో మెట్టు: పిలిచే ముందు వినండి, అడగండి

ఫ్రీక్వెన్సీ నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఖాళీ అని కాదు. అక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరు మీకు వినబడి, మరొకరు వినబడకపోవచ్చు. వినబడే మనిషి ఆ క్షణంలో వింటూ ఉండొచ్చు. హెచ్ఎఫ్‌లో (దూరాలకు చేరే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) అరనిమిషం ఆగి, ‘ఈ ఫ్రీక్వెన్సీ వాడకంలో ఉందా?’ అని ఇంగ్లిష్‌లో అడిగి మీ కాల్ సైన్ చెప్పండి. మోర్స్‌లో అయితే ‘క్యూఆర్ఎల్?’ చాలు. కొన్ని సెకన్లు ఆగి మరోసారి అడగండి. కాల్ సైన్ చెప్పకుండా అడగడం చీకట్లో తలుపు కొట్టి పేరు చెప్పకుండా నిలబడటం లాంటిది.

పరీక్ష కోసం పీటీటీ నొక్కి వదిలేయడం, రిపీటర్ తోక శబ్దం (బటన్ వదిలాక కాసేపు వినబడేది) వచ్చిందో లేదో చూసుకోవడం కూడా ప్రసారమే. దానికీ కాల్ సైన్ చెప్పాలి. ‘వీయూ3క్యూడీఎల్ టెస్టింగ్’ అనడానికి మూడు సెకన్లు పడుతుంది. ట్రాన్స్‌మిటర్‌ను పరీక్షించుకోవడానికైతే యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాల్లోకి పోనివ్వని పరికరం) పెట్టుకోండి.

నాలుగో మెట్టు: పిలుపు, జవాబు

హెచ్ఎఫ్‌లో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) ఇలా ఉంటుంది: ‘సీక్యూ సీక్యూ సీక్యూ, దిస్ ఈజ్ విక్టర్ యూనిఫాం త్రీ క్యుబెక్ డెల్టా లీమా, విక్టర్ యూనిఫాం త్రీ క్యుబెక్ డెల్టా లీమా, స్టాండింగ్ బై.’ అంతే. ఇరవై సార్లు సీక్యూ అని ఒక్కసారి కాల్ సైన్ చెప్పేవాళ్లను వినే ఓపిక ఎవరికీ ఉండదు. మూడు సీక్యూలు, రెండు మూడు కాల్ సైన్లు, తర్వాత వినడం.

రిపీటర్ మీద సీక్యూ అక్కర్లేదు. ‘వీయూ3క్యూడీఎల్ మానిటరింగ్’ అంటే చాలు, మాట్లాడాలనుకున్నవారు మాట్లాడతారు.

జవాబిచ్చేటప్పుడు ఎదుటివారిది ముందు, మీది చివర. ‘వీయూ2క్యూకేఎం, దిస్ ఈజ్ వీయూ3క్యూడీఎల్.’ మోర్స్‌లో మధ్యలో వచ్చే ‘డీఈ’ ఫ్రెంచి మాట, ‘నుంచి’ అని అర్థం. ఈ వరసకు కారణముంది. గదిలో ఏదో పని చేసుకుంటున్న మనిషి తన కాల్ సైన్ వినగానే చెవి రిక్కిస్తాడు, ఆ తర్వాత వచ్చేది పెన్నుతో రాసుకుంటాడు. మీ కాల్ సైన్ ముందు చెబితే, ఆయన చెవి పెట్టేసరికి అది దాటిపోయి ఉంటుంది. మూడో మనిషికి కూడా చివర వినబడ్డదే మాట్లాడుతున్నవారిది.

ఎదుటివారి కాల్ సైన్ స్పష్టంగా వినబడినప్పుడు దాన్ని ఒక్కసారి చెబితే చాలు, ఆయనకు తన పేరు తెలుసు. ఆయనకు తెలియనిది మీది. దాన్ని రెండుసార్లు, ఫోనెటిక్స్‌తో చెప్పండి. కొత్తవాళ్లలో సగం మంది ఇది తిరగేస్తారు.

మొహమాటం వద్దు

ఇది మెట్టు కాదు గానీ దీన్నే నేను అన్నిటికంటే ముఖ్యం అనుకుంటాను. అవతలివారు మీ కాల్ సైన్‌ను క్యూడీఎల్ బదులు క్యూబీఎల్ అన్నారనుకోండి. పెద్దమనిషి, విదేశీయుడు, సిగ్నల్ కూడా బాగాలేదు, మళ్లీ ఏం విసిగిస్తాంలే అని మొహమాటంతో ‘క్యూఎస్ఎల్ (సరిగ్గా అందింది), థాంక్యూ’ అనేస్తారు. మనలో ఈ జబ్బు ఎక్కువ. ఫలితం, ఆయన లాగ్‌లో (సంభాషణల చిట్టాలో) మీరు లేరు. లేని మనిషెవరో ఉన్నారు. సంభాషణకు ధ్రువీకరణగా మీరు క్యూఎస్ఎల్ కార్డు పంపితే ‘నాట్ ఇన్ లాగ్’ అని తిరిగొస్తుంది.

‘నెగెటివ్, డెల్టా, డెల్టా, క్యుబెక్ డెల్టా లీమా’ అని తప్పిన అక్షరాన్ని నొక్కి చెప్పి, ఆయన నోటి నుంచి సరిగ్గా వచ్చేదాకా వదలకండి. ఎవరూ నొచ్చుకోరు. మీకు ఆయనది అందకపోయినా అంతే. అరకొరగా విని ఊహించి రాసుకోకుండా ‘అగైన్’ అనండి. అసలు కాల్ సైన్ అందనిదే ఫైవ్ నైన్ రిపోర్టు (స్పష్టతకు 5, సిగ్నల్ బలానికి 9) ఇవ్వడంలో అర్థం లేదు. చదవగలిగే స్పష్టతకు గరిష్ఠమైన 5 ఇచ్చి, వెంటనే ‘మీ కాల్ సైన్ ఏమిటి?’ అని అడగడం రోజూ వింటుంటాం.

ఐదో మెట్టు: సంభాషణ మధ్యలో ఎన్నిసార్లు?

అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోని 25వ అధికరణం, ప్రసారం సాగుతున్నప్పుడు కాల్ సైన్‌ను తక్కువ వ్యవధుల్లో చెబుతూ ఉండాలంటుంది. అమెరికా నియమం దాన్ని లెక్కగా చెప్పింది: కనీసం పది నిమిషాలకోసారి, సంభాషణ చివర మరోసారి. మన దగ్గర అమెచ్యూర్ సేవ చాలాకాలం 1978 నాటి నియమావళి మీద నడిచింది. మీ లైసెన్సు షరతులు ఒకసారి చదివి పెట్టుకోండి. ఏ దేశంలో ఉన్నా సరిపోయే అలవాటు చెప్పమంటే, మొదట, చివర, మధ్యలో పది నిమిషాలు దాటకుండా. గోడ మీద చిన్న టైమర్ పెట్టుకుంటే మాటల్లో పడి మరిచిపోరు.

ప్రతి ఓవర్‌కూ (ఒక్కొక్కరు మాట్లాడే వంతుకూ) రెండు కాల్ సైన్లు పూర్తిగా చెప్పడం కూడా విసుగే. ‘ఏం కూర వండారు?’ ‘వంకాయ’ అనే మాటలకు ముందూ వెనకా పన్నెండేసి అక్షరాలు అక్కర్లేదు. అయితే ముగ్గురు నలుగురు చేరిన రౌండ్ టేబుల్‌లో మాత్రం మాట ఎవరికి అందిస్తున్నారో చెప్పి వదలాలి, లేకపోతే ఇద్దరు ఒకేసారి పీటీటీ నొక్కుతారు.

తెలుగులో మాట్లాడొచ్చా అని చాలామంది అడుగుతారు. హాయిగా మాట్లాడొచ్చు, రహస్య భాష కానంతవరకు. అమెరికాలో లైసెన్సు తీసుకున్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ కబుర్లు ఏ భాషలో చెప్పుకున్నా, మాటలో చెప్పే కాల్ సైన్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలని నియమం రాసి ఉంది.

పిలుపుల సంగతి. రేడియో మీద హోదాలు చెల్లవు. జోర్డాన్ రాజు హుస్సేన్ కాల్ సైన్ జేవై1, ఆయనతో మాట్లాడినవారికి ఆయన మరో హ్యామే. మన తెలుగు నెట్లలో (పలువురు హ్యామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే సమావేశాల్లో) పేరు చివర ‘గారు’ అనుకోవడం చక్కని అలవాటే, ఉంచుకోండి. దాన్ని కాల్ సైన్‌కు తగిలించి ‘క్యూకేఎంగారు’ అంటే మాత్రం, తెలుగు రాని మూడో మనిషి ఆ చివరి అక్షరాలేమిటా అని తల గోక్కుంటాడు.

ఇద్దరి సంభాషణలో చేరాలంటే ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య ఖాళీలో మీ కాల్ సైన్ ఒక్కటి చెప్పి ఆగండి. ‘బ్రేక్ బ్రేక్’ అంటే చాలాచోట్ల అత్యవసరమని అర్థం చేసుకుంటారు. నిజంగా ఆపద ఉన్నప్పుడు అనండి. మాట్లాడేవాళ్లు కూడా అందుకే ప్రతి ఓవర్ తర్వాత ఒకటి రెండు సెకన్లు ఖాళీ వదలాలి.

నెట్‌లో

నెట్ కంట్రోల్ (నెట్ నడిపే ఆపరేటర్) పిలిచినప్పుడే చెక్ ఇన్ అవ్వండి. పూర్తి కాల్ సైన్ ఒకసారి నిదానంగా చెప్పి వదలండి. ఆయన మిమ్మల్ని పేరు పెట్టి అందుకునేదాకా కబురు మొదలుపెట్టొద్దు. మధ్యలో వెళ్లాల్సివస్తే చెప్పి వెళ్లండి. తుపాను రోజుల్లో నెట్ నడుస్తున్నప్పుడు ఎవరు లైన్‌లో ఉన్నారో లెక్క తప్పడం చిన్న విషయం కాదు.

ఆరో మెట్టు: పైలప్

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్ఆర్‌ఓ కాల్ సైన్లతో ప్రసారం చేసింది. చాలా ఏళ్లుగా అండమాన్ నుంచి హ్యామ్ గొంతు లేదు. ప్రపంచమంతా ఒకేసారి వాళ్ల మీద పడింది. ఇలా ఒకే స్టేషన్‌ను గుంపుగా పిలవడాన్నే పైలప్ అంటారు. ఆ నెల 26న సునామీ వచ్చింది. డీఎక్స్ కోసం పెట్టిన అదే స్టేషన్ బాధితుల క్షేమ సమాచారం మోసే స్టేషన్‌గా మారింది. ఆ మార్పుకు ఎవరూ ప్రకటనలు చేయనక్కర్లేకపోయింది. ఆ కాల్ సైన్ ఎక్కడిదో, ఎవరిదో అప్పటికే ప్రపంచంలోని హ్యామ్‌లందరికీ తెలుసు.

అలాంటి గుంపులో మీరు పిలిచేవారైతే, ముందు కాసేపు వినండి. అందరూ పిలుస్తున్న ఆపరేటర్ ‘అప్ ఫైవ్ టు టెన్’ అంటున్నారంటే ఆయన వినేది తన ఫ్రీక్వెన్సీకి ఐదు నుంచి పది కిలోహెర్ట్జ్ పైన. అక్కడే పిలవాలి. స్ప్లిట్ (వినేది ఒక ఫ్రీక్వెన్సీలో, పిలిచేది మరోదానిలో) పెట్టడం మరిచి ఆయన మీదనే అరిస్తే క్షణంలో నలుగురు తిడతారు. మీ పూర్తి కాల్ సైన్ ఒక్కసారి చెప్పి వినండి. చివరి రెండక్షరాలే చెప్పే అలవాటు కొన్ని బ్యాండ్ల మీద ఉంది. అది పని తగ్గించదు, పెంచుతుంది. మిగతావి ఎలాగూ మళ్లీ అడగాలి, పైగా రెండక్షరాలు గుర్తింపు కావు. ఆయన ‘కిలో మైక్?’ అన్నప్పుడు మీ కాల్ సైన్‌లో ఆ రెండూ లేకపోతే నోరు మూసుకోవాలి. కష్టమే, కానీ అదే పరీక్ష.

మీరే గుంపుకు అవతల ఉంటే, రెండు మూడు క్యూఎస్ఓలకు (రేడియో సంభాషణలకు) ఒకసారైనా మీ కాల్ సైన్ చెప్పండి. చెప్పకపోతే కొత్తగా వచ్చినవాళ్లంతా మీ ఫ్రీక్వెన్సీ మీదే ‘ఎవరిది, ఎవరిది?’ అంటూ అడ్డం పడతారు.

ఏడో మెట్టు: ఊరు మారినప్పుడు

అరకు కొండ మీద హ్యాండీతో (చేతిలో పట్టే రేడియోతో) మాట్లాడుతుంటే కాల్ సైన్ చివర ‘పోర్టబుల్’, కారులో అయితే ‘మొబైల్’, ఓడలో ‘మారిటైమ్ మొబైల్’. రాతలో గీత పెట్టి పీ, ఎం, ఎంఎం. వేరే దేశంలో అయితే ఆ దేశపు గుర్తు సాధారణంగా ముందు వస్తుంది. అక్కడి అనుమతితో, భారత లైసెన్సు మీద, డాలస్‌లో కూతురింటి నుంచి ప్రసారం చేసే హ్యామ్ డబ్ల్యూ5/వీయూ2క్యూకేఎం అవుతాడు. 5 అంటే టెక్సాస్ ఉన్న ప్రాంతం. సంభాషణలో ఒక్కసారైనా ఊరు, రాష్ట్రం కూడా చెప్పాలి. అక్కడి లైసెన్సే తీసుకుంటే ఈ తిప్పలు లేవు, అక్కడి కాల్ సైనే వాడాలి.

క్లబ్ స్టేషన్‌లో కూర్చుంటే క్లబ్ కాల్ సైన్, తర్వాత మీ పేరు. ఒకే క్యూఎస్ఓలో రెండు కాల్ సైన్లు కలిపితే లాగ్‌లో ఏది రాసుకోవాలో ఎవరికీ తెలియదు.

డిజిటల్‌లో

ఎఫ్‌టీ8లో (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతిలో) 15 సెకన్ల వంతుల్లో కంప్యూటరే కాల్ సైన్ పంపుతుంది. మీ పని సెట్టింగ్స్‌లో ఒకసారి సరిగ్గా టైప్ చేయడమే. గీతలతో పొడవైన కాల్ సైన్ ఉంటే మాత్రం, అంత చిన్న సందేశంలో రెండు పూర్తి కాల్ సైన్లు పట్టవు, ఒకటి కుదించి పంపుతుంది. వాడే ముందు ప్రయత్నించి చూడండి. ఏపీఆర్ఎస్‌లో (ఉన్న చోటును రేడియోలో పంపే పద్ధతిలో) కాల్ సైన్‌కు తగిలించే చివరి అంకె పరికరాన్ని చెబుతుంది: బండికి 9, హ్యాండీకి 7 అని ఆనవాయితీ. డీఎంఆర్‌లో (డిజిటల్ మాట పద్ధతిలో) తెర మీద కనబడే ఏడంకెల ఐడీ కాల్ సైన్‌కు బదులు కాదు. నోటితో చెప్పాల్సిందే.

ఎనిమిదో మెట్టు: లాగ్, ముగింపు

లాగ్‌లో యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి సమయం) రాయండి. మనది ఐదున్నర గంటలు ముందు గనుక పదో తేదీ తెల్లవారుజామున 4 గంటలకు చేసిన క్యూఎస్ఓ, తొమ్మిదో తేదీ 22:30 అవుతుంది. కాల్ సైన్ సరిగ్గా ఉండి తేదీ తప్పినా ఎల్‌ఓటీడబ్ల్యూలో (ఇద్దరి లాగ్‌లనూ సరిపోల్చే ఆన్‌లైన్ సేవలో) సరిపోలదు. తెల్లవారుజాము డీఎక్స్ మనకు ఎక్కువ గనుక ఈ తప్పూ ఎక్కువే.

వీడ్కోలుకు 73. దాని అర్థమే శుభాకాంక్షలు, కాబట్టి ‘సెవెంటీ త్రీస్’ అని బహువచనం చేయనక్కర్లేదు. చివరి వరస మళ్లీ అదే: ‘73, వీయూ2క్యూకేఎం, దిస్ ఈజ్ వీయూ3క్యూడీఎల్, క్లియర్.’ రిగ్గు కట్టేస్తుంటే ‘క్యూఆర్‌టీ’ అని కూడా చెప్పండి, మిమ్మల్ని అనవసరంగా పిలవరు.

క్లియర్ అన్నాక స్విచ్ వెంటనే ఆపేయకండి. పెన్ను చేతిలోనే ఉంచుకుని ఒక నిమిషం వినండి. ఇంతసేపూ మీ ఇద్దరి మాటలు వింటూ, మీ కాల్ సైన్ రాసిపెట్టుకుని, వంతు కోసం ఆగిన ఆ మూడో మనిషి ఇప్పుడు మిమ్మల్ని పిలుస్తాడు.